మడత మిషన్ సెట్టింగ్: వంకర మడత, జంట షీట్లు, ఆర్ట్ పేపర్

మీరు అడిగినవి నాలుగు. టేబుల్ మీద పెట్టుకునే రెండు ప్లేట్ల (షీటు దూరి ఆగే రేకుల సందుల) చిన్న మడత మిషన్ కొన్నారు, ఏ4 ఉత్తరాలను మూడు భాగాలుగా మడిచి డీఎల్ అనే పొడవాటి కవర్లలో పెట్టాలి. స్కేలు ప్రకారమే ప్లేట్లు పెట్టినా మడత వంకరగా వస్తోంది. మధ్యమధ్యలో రెండేసి షీట్లు కలిసి లోపలికి పోతున్నాయి. 130 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో కాగితం బరువు) ఆర్ట్ పేపర్ (నున్నటి కోటింగ్ ఉన్న కాగితం) కరపత్రాలు, వీలైతే పుస్తకం ఫారాలు (పేజీలుగా మడిచే పెద్ద షీట్లు) కూడా దీని మీదే మడవొచ్చా అని చివర్లో అడిగారు.

మిషన్ పాడైందేమోనని టెన్షన్ పడకండి. ఇలాంటి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కాగితం దగ్గరే తేలిపోతాయి. మిగిలినవాటిలో చాలావరకు కాగితాన్ని అందించే చోట, అంటే ఫీడ్ దగ్గర దొరుకుతాయి. ప్లేటు దాకా వచ్చేవి తక్కువ. కానీ కొత్తగా పనిచేసేవాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు, ముందే ప్లేటు స్క్రూ తిప్పడం మొదలుపెడతారు, అది పనిచేయకపోతే కాగితాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే గైడ్ జరుపుతారు, ఆ తర్వాత ఫీడ్ గ్యాప్ మారుస్తారు, చివరికి మొదట ఏది ఎక్కడుందో కూడా గుర్తుండదు. మీరు ఇప్పటికే రెండు మూడు చోట్ల తిప్పి ఉంటే ముందు అన్నిటినీ మాన్యువల్‌లో చెప్పిన మొదటి స్థానానికి తెచ్చేయండి. అక్కడి నుంచి ఒకసారికి ఒక్కటే మార్చండి.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి తెలిస్తే సగం పని అయినట్టే. షీటును మొదటి రెండు రోలర్లు పట్టుకుని మొదటి ప్లేటులోకి తోస్తాయి. ప్లేటు లోపల ఒక స్టాపర్ ఉంటుంది, షీటు ముందు అంచు దానికి తగిలి ఆగిపోతుంది. వెనక భాగాన్ని రోలర్లు ఇంకా తోస్తూనే ఉంటాయి కాబట్టి ప్లేటు మూతి దగ్గర కాగితం ఉబ్బుతుంది, ఆ ఉబ్బును కింది జత రోలర్లు అందుకుని లాగేస్తాయి. మడత పడేది అక్కడే. ఇప్పుడు ఆ మడతే ముందు అంచు అవుతుంది, అది రెండో ప్లేటులోకి వెళ్ళి అక్కడి స్టాపర్‌కి తగులుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది, రెండో మడత పడుతుంది. ఇంతే. కాబట్టి మడత ఎక్కడ పడాలన్నది స్టాపర్ దూరం చెబుతుంది, మడత నిటారుగా పడాలా వంకరగా పడాలా అన్నది ముందు అంచు స్టాపర్‌కి రెండు కొసల్లోనూ ఒకేసారి తగిలిందా లేదా అన్నది చెబుతుంది.

ఇక లెక్క. ఏ4 పొడవు 297 మి.మీ. కదా అని మూడుతో భాగించి 99, 99, 99 పెట్టేస్తుంటారు. ఉత్తరం మడతలో లోపలికి వెళ్ళే రెక్క మిగతా రెండిటికంటే కొంచెం పొట్టిగా ఉండాలి, లేకపోతే దాని అంచు మడత గీతకి తగిలి నలుగుతుంది, లేదా మడత పూర్తిగా మూసుకోక ఉబ్బుగా ఉంటుంది. అందుకే 100, 100, 97 పెట్టుకోండి. దీనికి మొదటి ప్లేటు 200 దగ్గర, రెండో ప్లేటు 100 దగ్గర ఉండాలి. డీఎల్ కవరు కొలత 220 × 110 మి.మీ., మీ మడత అయ్యాక ఉత్తరం 210 × 100 వస్తుంది, పొడవులోనూ వెడల్పులోనూ మొత్తం 10 మి.మీ. చొప్పున ఖాళీ ఉంటుంది, హాయిగా పడుతుంది.

ఈ రెండు ప్లేట్లూ ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేస్తాయో పట్టుకోండి, ఇది తెలియకే చాలామంది గంటల తరబడి తిప్పుతుంటారు. లోపలి రెక్క పొడవు అంటే షీటు మొత్తం పొడవులోంచి మొదటి ప్లేటు దూరం తీసేయగా మిగిలింది. మధ్య రెక్క అంటే రెండో ప్లేటు దూరం. పై రెక్క అంటే మొదటి ప్లేటులోంచి రెండో ప్లేటు తీసేయగా వచ్చేది. కాబట్టి లోపలి రెక్క పొడుగ్గా ఉందనిపిస్తే మొదటి ప్లేటే పెంచాలి, రెండోదాన్ని ఎంత తిప్పినా లోపలి రెక్క మారదు. లోపలి రెక్క సరిగ్గా ఉండి మధ్యది, పైది మాత్రం సమానంగా లేకపోతే అప్పుడు రెండో ప్లేటు. వరస కూడా ఇదే: ముందు మొదటి ప్లేటు ఖాయం చేసుకుని తర్వాతే రెండోదాని జోలికి వెళ్ళండి.

మిగతా మడతలు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. సగానికి మడవాలంటే మొదటి ప్లేటు 148.5, రెండోది మూసేయడం. Z అక్షరంలా ఒకటి ఇటు, ఒకటి అటు పడే జెడ్ మడతకి రెండు ప్లేట్లూ 99 దగ్గరే. నాలుగు భాగాలుగా మడిచే డబుల్ మడతకి మొదటిది 148.5, రెండోది సుమారు 74. రెండు తలుపుల్లా తెరుచుకునే గేట్ మడతకి మొదటిది సుమారు 223, రెండోది 148 చుట్టుపక్కల, అయితే ఇందులో రెండు రెక్కలూ మధ్యలో ఒకదానికొకటి తగలకుండా కొద్దిగా సందు వదలాలి, అందుకని ట్రయల్‌లో చూసి సర్దుకోండి. ప్లేటు మూసేయడం అంటే చాలా చిన్న మిషన్లలో ప్లేటును బయటికి లాగి, తిరగేసి, మూసి ఉన్న కొస లోపలికి వచ్చేలా పెట్టడమే.

ఏ వైపు ముందుకు, ఏ ముఖం పైకి అన్నది ప్రతి మిషన్‌కీ మారుతుంది. ఊహించుకుంటూ కూర్చోకండి. ఒక తెల్ల షీటు తీసుకుని పైన "తల", కింద "పాదం", వెనక వైపు "వెనక" అని పెన్నుతో రాసి తోయండి, బయటికి వచ్చాక ఎలా మడిచిందో చూసుకోండి. విండో ఉన్న కవర్లయితే ఇది మరీ ముఖ్యం, చిరునామా విండోలోంచి కనిపించాలంటే చాలాసార్లు జెడ్ మడతే సులువు.

ఇప్పుడు అసలు కథ, కాగితం.

ప్లేటు ముట్టుకునే ముందు కాగితం మూలలు నిజంగా చదరంగా ఉన్నాయో లేదో చూడండి. రీమ్ నుంచి రెండు షీట్లు తీయండి, ఒకదాన్ని పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిరగేయండి, రెండిటి ముందు అంచులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కలపండి, ఒక మూల కూడా కలపండి. ఇప్పుడు పక్క అంచును పై నుంచి కింది దాకా చూడండి. కటింగ్ సరిగ్గా ఉంటే ఒకే గీతలా ఉంటుంది, తేడా ఉంటే అవతలి కొసకి వెళ్ళేసరికి రెండు షీట్లూ విడిపోతూ కనిపిస్తాయి. తిరగేశాం కాబట్టి అసలు లోపం ఎంతో దానికి రెట్టింపు కనిపిస్తుంది, అందుకే ఈ పరీక్ష స్కేలుతో కొలవడం కంటే నమ్మకం. మడతలో కూడా ఆ లోపం పెద్దదవుతుంది: ముందు అంచు 210 మి.మీ. వెడల్పులో 1 మి.మీ. వాలి ఉంటే, సగానికి మడిచినప్పుడు పక్క అంచుల మధ్య దాదాపు 1.4 మి.మీ. తేడా వస్తుంది. ఆ కాగితంతో ఏ మిషన్ అయినా వంకర మడతే ఇస్తుంది, స్క్రూ తిప్పి దాన్ని కప్పిపుచ్చినా తర్వాతి రీమ్ సరైనది వచ్చేసరికి అది వంకరవుతుంది.

కటింగ్ బ్లేడు మొద్దుబారి ఉంటే ఇంకో చిక్కు. కోసిన అంచు దగ్గర షీట్లు ఒకదానికొకటి నొక్కుకుపోయి అతుక్కుంటాయి. వేలి గోటితో అంచు మీద మెల్లగా రాసి చూడండి, షీట్లు విడివిడిగా కదలకుండా ముద్దగా ఉన్నాయంటే అదే. మీ జంట షీట్లలో కొన్నిటికి ఇదే కారణం కావచ్చు. అలాంటి దొంతరను చేత్తో పట్టుకుని నాలుగు వైపులా వంచి, గాలి చొరబడేలా విదిలించి, మళ్ళీ టేబుల్ మీద తట్టి సమం చేయాలి. ఈ విదిలించడం చూడ్డానికి చిన్న పనే, కానీ దాన్ని వదిలేసి మిషన్‌ని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. ప్రతి దొంతరకీ చేయండి, మొదటిదానికి మాత్రమే కాదు.

తేమ సంగతి కూడా చూసుకోవాలి. కాగితానికి గదిలో తేమ 45 నుంచి 55 శాతం దాకా ఉంటే బాగుంటుంది. గాలి మరీ పొడిగా ఉంటే షీట్లకి స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పట్టి అంటుకుపోతాయి, మరీ తడిగా ఉంటే అంచులు అలల్లా తేలి మెత్తబడి ప్లేటులోకి నిటారుగా వెళ్ళవు. రీమ్‌ను మడవబోయే గదిలోకి ముందు రోజే తెచ్చి పెట్టండి, కవరు మాత్రం పని మొదలుపెట్టే ముందే విప్పండి. ఉత్తరాలు లేజర్ ప్రింటర్‌లో కొట్టినవైతే ప్రింటవగానే మడవకండి. ఆ వేడికి కాగితంలో తేమ ఎగిరిపోయి ఒక వైపుకి వంగి ఉంటుంది, స్టాటిక్ కూడా ఉంటుంది. కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా, పైన చదునైన బరువు పెట్టి వదిలేయండి. అప్పటికీ వంపు పోకపోతే దొంతరను తిరగేసి పెట్టి చూడండి, ఎందుకంటే ముందు అంచు పైకి లేచి ఉంటే ప్లేటు మూతి దగ్గర తట్టుకుని మూల మడతపడుతుంది.

ఫీడ్ దగ్గరికి వద్దాం. మీది రబ్బరు చక్రంతో లాగే రకం. చక్రం ఒక షీటును లాగుతుంది, దానికి ఎదురుగా ఉన్న రబ్బరు ప్యాడ్ తర్వాతి షీటును ఆపుతుంది. ఈ రెండిటి మధ్య గ్యాప్ ఎక్కువైతే రెండు షీట్లు వెళ్తాయి, తక్కువైతే ఒక్కటి కూడా సరిగ్గా వెళ్ళదు, లేదా కాగితం మీద నల్లటి చారలు పడతాయి. 80 జీఎస్‌ఎం షీటు మందం సుమారు 0.1 మి.మీ. మాత్రమే, అంటే ఒకటికీ రెండిటికీ తేడా అంతే, నాబ్‌ను కొద్ది కొద్దిగానే తిప్పాలి. నేను చేసే పద్ధతి: మిషన్ ఆపి, ప్లగ్ తీసి, మడవబోయే కాగితంలోంచే రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు కోసుకుంటాను. ఒక పట్టీ గ్యాప్‌లో పెట్టి లాగితే చేతికి కొంచెం బిగువు తెలుస్తూ జారాలి. రెండు పట్టీలు కలిపి పెడితే దూరకూడదు. కాగితం మారినప్పుడల్లా ఇది మళ్ళీ చేయాలి, నిన్నటి సెట్టింగ్ ఇవాళ్టి కాగితానికి పనికొస్తుందని అనుకోకూడదు.

గ్యాప్ సరిగ్గానే ఉన్నా రెండేసి వెళ్తుంటే ప్యాడ్ చూడండి. అరిగి మధ్యలో గుంట పడి ఉంటే మార్చేయడమే, అది ఎలాగూ అరిగి పోవడానికే పెట్టిన భాగం. ఇక షీటు కదలకుండా చక్రం ఊరికే తిరుగుతుంటే చక్రం మీద వేలు పెట్టి చూడండి, మిషన్ ఆపాకే సుమా. నున్నగా మెరుస్తూ ఉంటే దాని మీద కాగితం ధూళి పేరుకుపోయినట్టు. కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి, మాన్యువల్ ఒప్పుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం వాడొచ్చు. మెరుపు పోయి రబ్బరు మళ్ళీ పట్టు ఇచ్చేదాకా తుడవాలి. పెట్రోలు, థిన్నర్ లాంటివి దగ్గరికి రానీయకండి, రబ్బరు ఉబ్బి పగుళ్ళు వస్తుంది.

దొంతర పెట్టేటప్పుడు మాన్యువల్‌లో చెప్పిన గరిష్ఠం కంటే కొంచెం తక్కువే పెట్టండి. ముందు అంచును కొద్దిగా మెట్లలా వాల్చి, ముందుగా వెళ్ళాల్సిన షీటు ముందుకు ఉండేలా సర్దండి. పక్క గైడ్లు కాగితానికి ఆనాలి, నొక్కకూడదు. గైడ్ల మధ్య దొంతరను పైకి లేపి వదిలితే అడ్డం లేకుండా కిందికి దిగాలి, అదే సమయంలో పక్కలకి ఊగకూడదు. గైడ్ వదులుగా ఉండటం వంకర మడతకి చాలా మామూలు కారణం.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా వంకర ఉంటే, అప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి చెప్తాను, దీన్ని కాస్త ఓపిగ్గా చేయండి. ముందు రెండో ప్లేటు మూసేసి, మొదటి ప్లేటు 148.5 దగ్గర పెట్టి సగం మడతకి తెండి. ఎందుకంటే మూడు భాగాల మడతలో రెండిట్లో ఏ మడత తప్పిందో కంటికి తెలియదు, సగం మడతలో తప్పు స్పష్టంగా, పెద్దగా కనిపిస్తుంది. తక్కువ స్పీడులో ఒక పది షీట్లు నడపండి. వాటిని వరసగా టేబుల్ మీద పరిచి చూడండి. అన్నీ ఒకే వైపుకి, ఒకే అంత వంకరగా ఉంటే అది సెట్టింగ్ లోపమో కాగితం కటింగ్ లోపమో అవుతుంది. ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి బాగా, ఇలా ఇష్టమొచ్చినట్టు వస్తుంటే ప్లేటు జోలికి అసలు వెళ్ళకండి, అది ఫీడ్‌లో జారడమో, గైడ్ వదులో, చక్రం మురికో, వంగిన కాగితమో.

ఒకే వైపుకి వస్తోందనుకుందాం. ఇప్పుడు దొంతరను తిరగేయండి, అంటే పై ముఖం కిందికి, కానీ ఇంతకుముందు ముందు వెళ్ళిన అంచే ఇప్పుడూ ముందు వెళ్ళాలి. మళ్ళీ పది షీట్లు నడపండి. వంకర ఇప్పుడు అవతలి వైపుకి మారిందంటే తప్పు కాగితానిది, కటింగ్‌కి పంపండి. వంకర మిషన్‌కి అదే పక్కన ఉండిపోయిందంటే తప్పు మిషన్‌ది, అప్పుడే సర్దుబాటు నాబ్ ముట్టుకోండి. కొన్ని మిషన్లలో ఫీడ్ టేబుల్ గైడ్ల కోణం మార్చే నాబ్ ఉంటుంది, కొన్నిట్లో ప్లేటు స్టాపర్‌నే ఒక కొస ముందుకి జరిపే నాబ్ ఉంటుంది. ఏదైనా సరే కొంచెం తిప్పండి, మూడు నాలుగు షీట్లు నడపండి, చూడండి, మళ్ళీ తిప్పండి. తిప్పే ముందు ఉన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే వెనక్కి రావచ్చు.

సగం మడత నిటారుగా వచ్చాక మొదటి ప్లేటును 200కి మార్చండి, రెండోది ఇంకా మూసే ఉంచండి. వచ్చిన షీటును స్కేలుతో కొలవండి, ముందు అంచు నుంచి మడతకి 200 ఉందా, రెండు పక్కలా ఒకటే ఉందా. ప్లేటు మీద ఉన్న అంకెలు ఉజ్జాయింపు మాత్రమే, కాగితం మీద కొలిచిందే అసలు కొలత. అది కుదిరాక రెండో ప్లేటు తెరిచి 100 దగ్గర పెట్టండి. ఇప్పుడు వంకర వస్తే అది కచ్చితంగా రెండో ప్లేటుదే, మొదటిదాన్ని ఇక కదపనక్కర్లేదు.

ఎప్పుడో జామ్ అయి చిరిగిన కాగితం ముక్క ప్లేటు లోపల స్టాపర్ దగ్గర ఒక మూలలో ఇరుక్కుని ఉంటే షీటు ఆ కొసలో ముందే ఆగిపోతుంది, రెండో కొస స్టాపర్ దాకా వెళ్తుంది, మడత ప్రతిసారీ ఒకే వైపుకి వాలుతుంది. బయటి నుంచి ఏమీ కనిపించదు. గోరంత ముక్క చాలు. నాబ్ ఎంత తిప్పినా లెక్క కుదరనప్పుడు ప్లేటు బయటికి తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, రెండు రేకుల మధ్యలోంచి ఈ కొస నుంచి ఆ కొసకి చూడండి. కొత్త మిషన్ అయినా, ట్రయల్స్‌లో ఒకటి రెండు జామ్‌లు అయ్యుంటే ఈ పని తప్పకుండా చేయండి.

స్పీడు విషయం. ట్రయల్ మెల్లగా చేసి, సరిగ్గా వచ్చిందని ఒకేసారి ఫుల్ స్పీడు పెడితే మడత కాస్త జరుగుతుంది. వేగంగా వచ్చిన షీటు స్టాపర్‌కి గట్టిగా కొట్టుకుంటుంది, కాగితాన్ని బట్టి ముందు అంచు నొక్కుకుపోతుంది లేదా వెనక్కి ఎగురుతుంది, ఉబ్బు పడే చోటు మారుతుంది. అందుకని చివరి సర్దుబాటు ఎప్పుడూ మీరు నిజంగా పని నడిపే స్పీడులోనే చేయాలి. పల్చటి కాగితానికి స్పీడు తగ్గించండి. ఫుల్ స్పీడులో నడిపి మాటిమాటికీ ఆపి జామ్‌లు తీయడం కంటే మధ్యస్థంగా ఆగకుండా నడిచిందే సాయంత్రానికి ఎక్కువ పని తేలుస్తుంది. నడుస్తున్నప్పుడు మధ్యమధ్యలో ఒక ఉత్తరం తీసి విప్పి చూస్తుండండి, ముఖ్యంగా కొత్త దొంతర పెట్టిన వెంటనే. బయటికి వచ్చే చోట ఉన్న చక్రాలను మడిచిన కాగితం పొడవుకి తగ్గట్టు జరపండి, లేకపోతే ఉత్తరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చెల్లాచెదురవుతాయి.

130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ సంగతి. ముందు మాన్యువల్‌లో మీ మిషన్ ఎంత జీఎస్‌ఎం దాకా తీసుకుంటుందో, కోటింగ్ ఉన్న కాగితం ఒప్పుకుంటుందో చూడండి. ఒప్పుకున్నా నా అభిప్రాయం ఏమిటంటే, కొద్ది సంఖ్యలో అయితే చేసుకోండి, రోజూ వేలల్లో అయితే ఈ మిషన్ మీద వద్దు. రబ్బరు చక్రం నున్నటి కోటింగ్ మీద జారుతుంది, ఆ కోటింగ్ పొడి చక్రానికి పట్టి ఇంకా నున్నగా చేస్తుంది, పైగా ముదురు రంగు నిండుగా ఉన్న చోట చక్రం మరక పడుతుంది. ఆర్ట్ పేపర్‌కి గాలితో పీల్చి షీటు తీసే ఫీడ్ ఉన్న మిషన్ సరైనది, అది పై ముఖాన్ని రాపిడి చేయదు. ఇంకు పూర్తిగా ఆరిందో లేదో కూడా చూసుకోండి, బొటనవేలితో ముదురు రంగు మీద గట్టిగా రాస్తే వేలికి అంటకూడదు. అంటితే రోలర్లకీ అంటుతుంది, అక్కడి నుంచి ప్రతి షీటుకీ.

అంతకంటే ముఖ్యమైంది గ్రెయిన్. కాగితంలో నార ఎక్కువగా ఒక దిశలో పరుచుకుని ఉంటుంది, మడత ఆ దిశలోనే పడితే శుభ్రంగా పడుతుంది, అడ్డంగా పడితే నార విరిగి మడత గీత మీద కోటింగ్ పగిలి తెల్లటి చార కనిపిస్తుంది. మామూలు ఏ4 ఆఫీసు కాగితంలో చాలావరకు గ్రెయిన్ పొడవు వైపుకి, అంటే 297 వైపుకి ఉంటుంది, మీ ఉత్తరం మడత దానికి అడ్డంగా పడుతుంది. 80 జీఎస్‌ఎంలో అది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 130 ఆర్ట్ పేపర్‌లో, అదీ మడత మీద ముదురు రంగు ఉంటే, తప్పకుండా కనిపిస్తుంది. గ్రెయిన్ తెలుసుకోవాలంటే షీటును రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూడండి, తేలిగ్గా వంగే మడత దిశే గ్రెయిన్ దిశ. లేదా చించి చూడండి, గ్రెయిన్ వెంట చింపు తిన్నగా పోతుంది, అడ్డంగా అయితే ఎగుడుదిగుడుగా. కరపత్రాలు ప్రింటుకి ఇచ్చేటప్పుడే మడత గ్రెయిన్ వెంట వచ్చేలా కాగితం కోయమని చెప్పండి, డిజైన్ చేసేవాళ్ళకి మడత గీతల మీద నిండు రంగు తగ్గించమని చెప్పండి. టోనర్‌తో (లేజర్ ప్రింటర్‌లో వాడే పొడి ఇంకుతో) డిజిటల్ ప్రింట్ చేసినవాటికి ఇది ఇంకా అవసరం, టోనర్ కాగితం పైన పొరలా ఉండిపోతుంది కాబట్టి మడతలో తొందరగా రాలుతుంది.

దాదాపు 150 జీఎస్‌ఎం దాటాక ముందు క్రీజింగ్ చేసి, అంటే మడత పడే చోట నొక్కి గీత వేసి, ఆ తర్వాత మడవడమే మంచిది. క్రీజ్ వేస్తే కాగితానికి ఒక వైపు గాడి, రెండో వైపు చిన్న గట్టు ఏర్పడతాయి. మడిచినప్పుడు గట్టు లోపలికి రావాలి. చాలామందికి గాడి లోపలికి రావాలనిపిస్తుంది, అలా మడిస్తే క్రీజ్ వేసి కూడా మడత పగులుతుంది.

పుస్తకం ఫారాలకి మీ మిషన్ పనికిరాదనే చెప్తాను. రెండు ప్లేట్లూ ఒకే దిశలో ఉంటాయి, అందుకని సమాంతర మడతలే వస్తాయి. ఫారానికి మడత మీద అడ్డ మడత కావాలి, షీటును ఒకసారి మడిస్తే 4 పేజీలు, అడ్డంగా మళ్ళీ మడిస్తే 8, ఇంకోసారి మడిస్తే 16. పెద్ద మిషన్లలో ఈ అడ్డ మడతలకి కత్తిలాంటి సన్నటి రేకు ఉంటుంది, అది షీటును రెండు రోలర్ల మధ్యలోకి కొట్టి దింపుతుంది. మూడో మడత దగ్గర లోపల గాలి చిక్కి ముడతలు పడకుండా ముందు మడతకి పర్ఫరేషన్, అంటే వరసగా చిన్న చిల్లులు, వేస్తారు. రోలర్ల గ్యాప్ కూడా ఆపరేటరే పెడతాడు, ఏ రోలర్ జత మధ్య ఎన్ని పొరలు వెళ్తాయో అన్ని కాగితం పట్టీలు పెట్టి, రెండు కొసల్లోనూ ఒకే బిగువు వచ్చేలా. మీ చిన్న మిషన్‌లో ఈ రోలర్లను సాధారణంగా స్ప్రింగులే చూసుకుంటాయి, వాటి స్క్రూలు కదపకండి. నాలుగు పేజీల చిన్న ఫారాలు సగం మడతతో చేసుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

జామ్ అయినప్పుడు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ తీయండి. ప్లేట్లు బయటికి తీసి, చేత్తో తిప్పే చక్రం ఉంటే దాన్ని తిప్పుతూ కాగితాన్ని అది వెళ్ళే దిశలోనే లాగండి. స్క్రూడ్రైవర్, కత్తి, పిన్నీసు లోపల పెట్టొద్దు, రోలర్ రబ్బరు మీద ఒక్క గాటు పడితే ఆ గుర్తు ప్రతి ఉత్తరం మీదా వస్తుంది. బయటికి తీసిన ముక్కలన్నీ టేబుల్ మీద పేర్చి షీటు పూర్తయిందో లేదో చూడండి, మూల తక్కువైందంటే అది ఇంకా లోపలే ఉంది. స్టేపుల్ ఉన్న కాగితాలను ఫీడ్‌లో పెట్టకండి. మూత తీసి ఉంచి, సేఫ్టీ స్విచ్‌ని ఏదో ఒకటి అడ్డం పెట్టి నొక్కి నడపడం కొందరికి అలవాటు, అది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. రోలర్లు వేలిని కూడా కాగితంలాగే లాక్కుంటాయి. మెడలో వేలాడేది ఏదీ ఉండకూడదు, వదులుగా ఉన్న చొక్కా చేతులు పైకి మడుచుకోండి, జుట్టు ముడేసుకోండి. పని అయ్యాక మెత్తటి బ్రష్‌తో ధూళి దులిపి, గుడ్డ కప్పేయండి.

సెట్టింగ్ కుదిరిన రోజు ఒక మంచి మడత షీటు తీసి దాని మీదే కాగితం పేరు, జీఎస్‌ఎం, రెండు ప్లేట్ల దూరాలు, ఫీడ్ నాబ్ ఎక్కడుంది, స్పీడు ఎంత అన్నవి రాసి ఫైల్లో పెట్టుకోండి. ఒక్కో పనికి ఒక్కో షీటు. తర్వాత అదే పని వచ్చినప్పుడు ఆ అంకెల దగ్గర మొదలుపెడితే నాలుగైదు షీట్లలో కుదురుతుంది.

ముందు ఆ తిరగేసే పరీక్ష చేయండి, సగం మడతతో. వంకర అవతలి వైపుకి మారిందా, అక్కడే ఉందా, లేక ఒక్కో షీటుకి ఒక్కోలా వస్తోందా అన్నది రాయండి, షీటుకి ఎంత తేడా వస్తోందో మి.మీ.లో కొలిచి రాస్తే ఇంకా మంచిది. దాన్ని బట్టి ఏ నాబ్ ఎటు తిప్పాలో చెప్తాను.